నువ్వు వినని బ్యాండ్

రఘూ,

నువ్వు వెళ్ళిపోయి నేటికి ఏడాది. ట్రాయ్‌లో మనింటి బేస్‌మెంట్ తలుపు నేను ఇన్నాళ్ళూ తీయలేదు.

మొన్న ఒకబ్బాయి ఫోన్ చేశాడు. ఒహైయోలో హెవీ మెటల్ బ్యాండ్‌కి డ్రమ్మర్‌ట. డెట్రాయిట్‌లో షో ఉందిట. ఆ పక్కనే ట్రాయ్‌లో ఒక ఇండియన్ ఇంట్లో కార్పెట్ మీద పడుకోనిస్తారనీ, పొద్దున్నే ఉప్మా పెడతారనీ వేరే బ్యాండ్ వాళ్ళు చెప్పారట. ఉప్మా అన్న మాటని ఎంత జాగ్రత్తగా పలికాడో!

ఎవరూ పేరు వినని బ్యాండ్లన్నిటినీ ఇంటికి తెచ్చి బేస్‌మెంట్‌లో వాయించమనేవాడివి. థ్రాష్ అంటే వేగం, డూమ్ అంటే నత్తనడక, డెత్ మెటల్ అంటే గొంతులో గర్జన అని నాకు పాఠాలు చెప్పేవాడివి. నాకు మాత్రం అన్నీ మిక్సీలో రాళ్ళు వేసినట్టే ఉండేవి.

అయినా రమ్మన్నాను. నిన్న రాత్రి షో అయ్యాక వచ్చి హాల్లో కార్పెట్ మీద పడుకున్నారు. ఇవాళ పొద్దున నలుగురూ ఉప్మా మళ్ళీ మళ్ళీ వడ్డించుకున్నారు. నీ గురించి అడిగితే, నువ్వు పోయి ఏడాదైందని చెప్పాను. చేతులనిండా పచ్చబొట్లున్న ఆ డ్రమ్మర్ ప్లేటు పక్కన పెట్టేశాడు. "మీకోసం ఒక పాట వాయించమంటారా?" అన్నాడు.

బేస్‌మెంట్ తలుపు తీసి, కిందకి దిగి నీ సోఫాలో కూర్చున్నాను. పాట చాలా నెమ్మదిగా మొదలైంది.

"ఇది డూమ్ కదా?" అన్నాను.

"యెస్, మ్యామ్!" అని నలుగురూ నవ్వేశారు.

వెళ్తూ, మిగతా బ్యాండ్లకి ఏం చెప్పమంటారని అడిగారు. ఇకనుంచి కొబ్బరి చట్నీ కూడా ఉంటుందని చెప్పమన్నాను.

వీళ్ళ మొదటి ఆల్బమ్ ఇంకా రాలేదట రఘూ. ఒక బ్యాండ్‌ని నీకంటే ముందు నేను వినడం ఇదే మొదటిసారి.

వాణి