మామ తప్పుగా పాడిన పాట

నాయనా,

ఈ ఉత్తరం నువ్వు చదవవని తెలుసు. అయినా ఈరోజు సంగతి నీకు చెప్పకుండా ఉండలేను.

నువ్వు పోయి ఏడాదైందని కోవిల్‌పట్టిలో నీ హాకీ స్నేహితులు ఒక మ్యాచ్ పెట్టారు. విరుదునగర్ నుంచి ముసలివాళ్ళ జట్టు బస్సు దిగింది. అందరికంటే ముందు రామసామి మామ. మిలిటరీలో నీతో ఒకే గుడారంలో పడుకున్నవాడు, పెన్షన్ వచ్చాక మైదానంలో నీకు ఎదురు నిలిచినవాడు. అమ్మ ఎలా ఉందని అడిగాడు. ఏడాదిగా చర్చికి వస్తోంది గాని పాటకు నోరు విప్పడం లేదని చెప్పాను.

మ్యాచ్ మనవాళ్ళే గెలిచారు. ఆ తర్వాత అందరూ మన ఇంటికి టీకి వచ్చారు. మామ నుదుట నామంతోనే నీ హార్మోనియం ముందు కూర్చుని, నువ్వు కట్టిన ప్రార్థన పాట అందుకున్నాడు. రాగమూ తప్పే, మాటలూ తప్పే. యేసయ్యను "కాపరి" అనాల్సిన చోట "కావలి" అన్నాడు.

వంటింట్లోంచి అమ్మ కేక పెట్టింది. "సాలు అన్నా, నిలుపు! కావలి కాదు, కాపరి!"

"అట్లయితే నువ్వే వచ్చి చెప్పు, చెల్లీ."

అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి ఒక చరణం పాడింది. మామ మళ్ళీ తప్పు పాడాడు. అమ్మ నవ్వి, పాటంతా పాడి వినిపించింది.

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర మామ నా చెవిలో అన్నాడు. "పాపా, ఆ పాట నాకు బాగానే వచ్చు. మీ అమ్మకు చెప్పొద్దు."

నేను చెప్పలేదు నాయనా. గ్లాసులు కడుగుతూ అమ్మ ఇంకా పాడుతూనే ఉంది.