సాయంత్రం ఏడింటి మెయిలు

దిల్‌సుఖ్‌నగర్,
గురువారం.

రెబెక్కకు,

ప్రభువు కృపలో నువ్వు క్షేమమని తలుస్తున్నాను. నీతోపాటు అక్కడ నర్సుగా చేసే అరుణజ్యోతి సెలవు ముగించుకొని శనివారం మస్కట్ తిరిగి వస్తున్నది. ఈ ఉత్తరం ఆమె చేతికిస్తున్నాను. రోజూ మెయిలు పంపేవాడు కాగితం ఎందుకు పట్టుకున్నాడని అనుకుంటావు. చెబుతాను.

నువ్వు పంపిన ఖర్జూరాలు, ఉత్తరం అందాయి. వంటగది నల్లా బాగైంది. కింది వాటాలో ఇందిరాదేవి గారు నీ కరివేపాకు కుండీకి నీళ్లు పోస్తున్నారు. "మీ ఆవిడ వచ్చేసరికి చెట్టయిపోతుందండీ" అంటున్నారు. చర్చిలో నీ చోటు ఖాళీగా ఉంటున్నదా అని అడిగావు. లేదు, ఎవరో ఒకరు కూర్చుంటున్నారు. నేనే అటు చూడటం మానేశాను.

"ఎల్బీనగర్ పోయి నువ్వు చేసే పనేంది? కంటైనర్లంటే ఇక్కడ రేవులో దించే ఇనుప పెట్టెలేనా?" అని కూడా రాశావు. పేరు ఒక్కటే. ఒక ప్రోగ్రాము నడవడానికి కావలసిన సామానంతా ఒకచోట సర్దిన పెట్టె అనుకో, చేతికి తగలదు. దాన్ని ఏ వరుసలో సర్దాలో చెప్పే ఫైలు ఒకటి రాయాలి. మా దగ్గర రక్తపరీక్షల ల్యాబులు ముప్పై ఒకటి ఉన్నాయి. ఒక్కో ల్యాబుకు ఒక్కో ఫైలు. అన్నీ దాదాపు ఒకటే, రెండు మూడు చోట్ల తేడా. ఇదివరకు ఒక్కొక్కటి చేత్తో దిద్దేవాణ్ణి. ఈ ఏడు టెంప్లేటు చేశాను. అంటే శుభలేఖలో పేర్ల కోసం చోటు వదిలినట్టు, మారేచోట గడులు వదిలి ఒకే నమూనా రాయడం. గడుల్లో వివరాలు నింపితే ముప్పై ఒక్క ఫైళ్లూ అవే తయారవుతాయి. జిరాక్స్ షాపులో ఉన్నప్పుడు కోచింగ్ పిల్లలు కాపీ తీయమని ఇచ్చిన నోట్సు చదివి నేర్చుకున్నవాణ్ణి. ఇది నా చేతుల మీదుగా నడిచిన రోజు చెప్పుకోవడానికి ఇంట్లో నువ్వు లేవు.

గడి నింపడం మరిచిపోతే ఏం కావాలన్నది ఒక ప్రశ్న. మా యజమాని మహేందర్, నాకన్నా చిన్నవాడే, "ఆగొద్దు అన్నా. ఏదో ఒకటి పెట్టుకొని ముందుకు పోవాలె" అన్నాడు. మామూలుగా ఉండేది ఏదో అదే నింపుకొమ్మని రాశాను. ఈ సోమవారం హయత్‌నగర్ ల్యాబుకు ఒక గడి వదిలేశాను. అందులో ప్రోగ్రాము పాత వెర్షను వచ్చి కూర్చుంది. పెట్టె గప్‌చుప్‌గా తయారైంది, తప్పని ఒక్క ముక్క చెప్పలేదు. ల్యాబులో మధ్యాహ్నం దాకా రిపోర్టులు అచ్చు కాలేదు.

మహేందర్ వచ్చి నా కుర్చీ పక్కన నిలబడ్డాడు. "గడి ఖాళీ ఉన్నదని అది చెప్పలె, సరే. రాసినోనివి నీకు తెల్వదా అన్నా?"

నేను ఆ ఖాళీ గడి నింపుతూ కూర్చున్నాను.

"మాట్లాడవేంది? నీ మాటలకు గూడ ఒక టెంప్లేటు చెయ్యాలె" అని నవ్వాడు.

రెబెక్కా, అది ఎప్పుడో చేశాను. నువ్వు పోయేటప్పుడు "నోరు తెరవవు, కనీసం రోజూ నాలుగు ముక్కలు రాయి" అన్నావు. మొదటి రెండు నెలలు నేనే రాశాను. ఆ తర్వాత రాయడానికి ఏమీ ఉండేది కాదు. పొద్దున మెట్రో, సాయంత్రం మెట్రో, అత్తమ్మకు అన్నం. రోజూ అదే రాస్తే నేనెట్ల ఉన్నానో నీకు తెలిసిపోతుందని మెయిలుకు కూడా టెంప్లేటు చేశాను. నా దినచర్య పుస్తకంలోంచి కూర, వాన, అత్తమ్మ ఆరోగ్యం గడుల్లో నింపితే అదే వాక్యాలు కట్టి సాయంత్రం ఏడింటికి పంపేది. నింపకపోయినా పంపేది. అత్తమ్మ గడి ఖాళీగా ఉంటే "అమ్మ బాగుంది, కడుపునిండా తిన్నది" అని పెట్టుకోమని నేనే రాశాను.

మూడు వారాల కింద, మంగళవారం మధ్యాహ్నం, మీ అమ్మ స్నానాలగదిలో జారిపడింది. ఇందిరాదేవి గారు ఫోన్ చేస్తే ఆటోలో వచ్చాను. తుంటి ఎముక విరిగింది. ఏడింటికి నేను దవాఖానలో ఎక్స్‌రే గది బయట కూర్చొని ఉన్నాను. మెయిలు పోయింది. నీ జవాబు వెంటనే వచ్చింది. "అమ్మ మంచిగుంటే చాలు. నా డిసెంబరు సెలవు మా వార్డు ప్రసన్నకు ఇచ్చేస్తున్న, దాని బిడ్డ పెండ్లి ఉన్నది. నేను ఎండకాలం వస్తా."

అప్పుడే రాయాల్సింది. ఆపరేషన్ కానీ అనుకున్నాను. అత్తమ్మ "దానికి చెప్పకు బిడ్డా, ఊరికే పరేషాన్ అయితది" అన్నది. నాకు సాకు దొరికింది. మొదటి అబద్ధం టెంప్లేటు చెప్పింది. మరునాటి నుంచి పందొమ్మిది రోజులు ఆ గడిలో "బాగుంది" అని నా వేళ్లతో నేనే కొట్టాను. శుక్రవారాలు నువ్వు ఫోన్ చేస్తే ఆమె మంచంలోంచే నవ్వుతూ మాట్లాడింది. నేను పక్కన నిలబడ్డాను.

సోమవారం నుంచి ఆ మెయిలు ఆపేశాను. రేపు నువ్వు ఫోన్‌లో అడిగితే ఉత్తరం వస్తున్నదని మాత్రం చెబుతాను. నోటితో ఇదంతా చెప్పడం నాకు రాదు.

ఆమె ఇప్పుడు ఇంట్లోనే ఉంది. వాకర్ పట్టుకొని ఎనిమిది అడుగులు వేస్తుంది. అన్నం సగమే తింటుంది. పొద్దున లేవగానే నీ పేరు పెట్టి పిలుస్తుంది, నేను పలుకుతాను. సెలవుల జాబితా నెలాఖరుకు ఖాయమవుతుందని రాశావు. ఇది అందేసరికి ఇంకా నాలుగు రోజులుంటాయి. ప్రసన్నను అడగాలో వద్దో నువ్వే చూసుకో. నేను రమ్మంటే అందులో అత్తమ్మ కోసం ఎంతో, నా కోసం ఎంతో నాకే తెలియదు.

ఈ ఉత్తరం సంగతి పొద్దున ఆమెకు చెప్పాను. "చెప్పొద్దన్న గదా, ఎందుకు రాస్తున్నవ్?" అని కోపం చేసింది. చాయ్ కూడా వద్దన్నది. కాసేపటికి తనే అడిగింది.

"వస్తదంటవా?"

"తెల్వదు అత్తమ్మా" అన్నాను.

మెల్లగా తలుపు దిక్కు తిరిగి పడుకుంది.

ఇట్లు,
నీ ఇంటాయన
ప్రభుదాసు