పైవాళ్లు వద్దన్న పుట్టుమచ్చ

బావగారికి,

అక్క పోయి మీరు పనిలోకి రావడం మానేశాక, మీ బల్ల మీద గుడ్డ కప్పి ఉంచాం. ఎవరూ ముట్టుకోలేదు.

ఒక సంగతి మీరు వేరేవాళ్ల నోట వినకూడదని రాస్తున్నాను. అక్క ముఖం చూసి మీరు చెక్కిన నాణేన్ని ఇక ముద్రించొద్దని పైవాళ్లు ఆపేశారు. ఆపేసిన నాణెం ఉక్కు అచ్చుల్ని టంకశాలలో ఉంచరు కదా, వాటిని చెడగొట్టే పని నా చేతికే వచ్చింది. ఆ ముఖం ఎవరిదో కొత్త ఆఫీసరుకి తెలియదు. నేనూ చెప్పలేదు.

ఉలి పెట్టి కొట్టాను. ఆయన పక్కనే నిలబడి, "ముక్కు ఇంకా కనిపిస్తోందయ్యా, మళ్లీ కొట్టు" అన్నారు. మళ్లీ కొట్టాను. మొదటి నాణెం చూసి అక్క, "నా ముక్కుని ఊరందరి జేబుల్లో వేశారు కదండీ" అని మీతో పోట్లాడింది గుర్తొచ్చింది. నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. చేతులు కడుక్కుని భోజనం చేశాను.

ఆ నాణేనికి నమూనాగా మీరు మొదట చేసిన పళ్లెమంత ప్లాస్టర్ బొమ్మ మాత్రం స్టోర్‌లో ఉంది. ఉక్కు కాదు కాబట్టి దాన్ని పగలగొట్టమని ఎవరూ అనలేదు. చేసినాయన వచ్చి అడిగితేనే ఇస్తానంటున్నాడు స్టోర్ కీపర్. ఒక్కసారి రండి. పనిలోకి రమ్మనడం లేదు.

దాన్ని కిటికీ దగ్గర పెట్టి చూశాను. అక్క పుట్టుమచ్చ వద్దని పైవాళ్లు అంటే, ప్లాస్టర్ పోత పొయ్యకముందే మట్టి బొమ్మ మీద మీరే దాన్ని అదిమేశారు కదా. ఆ గుర్తు చిన్న నాణెం మీదికి రాలేదు గానీ, ఈ బొమ్మలో అక్క చెంప మీద మీ బొటనవేలి ముద్ర అలాగే ఉంది.

మీ బావమరిది