సూర్యుడు లేని వెలుగు

బూర్గంపాడు
డిసెంబరు 15, 2025

చిరంజీవి కవితకు,

ప్రభువు నామంలో మీ నాన్న దేవదానం దీవెనలు. కవరు మీద నా రాత చూసి, మళ్లీ వాక్యంతో కొడతాడని పక్కన పడేయకు తల్లీ. ఈసారి దెబ్బ తిన్నవాడే రాస్తున్నాడు.

అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గింది. మిరప తోటకు ముడత వస్తే మందు కొట్టించాం. ఇక అసలు సంగతి.

దసరా ముందు నువ్వు హైదరాబాదు నుంచి ఫోను చేశావు. మీ కంపెనీ చేస్తున్న కంప్యూటర్ ఆటలో మన గోదావరి ఒడ్డూ అడవి బాటా ఉన్నాయనీ, మనిషి ఎటైనా తిరగొచ్చనీ, అందులో ఎండా వానా మంచూ కూర్చే పని నీదేననీ చెప్పావు. మన మంచు ఇట్లాగే ఉంటుందా, చూసి చెప్పు నాన్నా అన్నావు. నేను చూడలేదు. ఆ ఆదివారమే సంఘంలో ప్రసంగానికి లేచి, వెలుగు చేయడం దేవుడి పని, దొంగ వెలుగు చేసే మనిషి నా ఇంట్లోనే పుట్టిందని గర్జించాను. ఆ ప్రసంగం వాట్సాప్‌లో నీదాకా వచ్చింది. ఇక ఆ గడప తొక్కనని అమ్మతో అన్నావట. రెండు నెలలు దాటింది.

మొన్న గురువారం మీ బాబాయి కొడుకు కోటేష్ జిరాక్సు షాపులో, వాడికి నువ్వు పంపిన ఆ ఆట ముందు ఒక్క పూట కూర్చున్నాను. తప్పులు పట్టి ఇంకో ప్రసంగం చేద్దామనే వెళ్లాను. మీటలు నొక్కానో లేదో, నా మనిషి తిన్నగా పోయి గోదాట్లో పడ్డాడు. పెద్దనాయినా, బాప్తిస్మం అయిపోయింది, ఇగ పైకి రా అని కోటేష్ ఒకటే నవ్వు.

ఎట్లాగో ఒడ్డెక్కాను. ఆటలో తెల్లవారింది. సూర్యుడు లేడు. దేనికీ నీడ లేదు. అయినా ప్రతి ఆకూ కనబడుతోంది. సూర్యుడు లేకుండా వెలుగెక్కడిదిరా, దొంగతనం దొరికింది అని అరిచాను. మంచు పట్టిన పొద్దుగాల ఆకాశమంత వెలుగిస్తది గదనే, అక్క ఆ ఒక్క పొద్దు కోసం వారం రోజులు కూసున్నది అన్నాడు వాడు.

మీటలు వదిలేశాను. దేవుడు మొదటి దినాన వెలుగును, నాలుగో దినాన సూర్యుణ్ణి చేశాడని ముప్పై ఏళ్లుగా బోధిస్తున్నాను. సూర్యుడు లేని ఆ దినాల్లో లోకం ఎట్లా కనబడి ఉంటుందని ఒక్కనాడూ అనుకోలేదు. నీ పనిలో అది చూశాను. దొంగ వెలుగు అన్న మాట తప్పు. క్షమించు బిడ్డా.

ఒక లోపం మాత్రం చెప్పాలి. పోడు పట్టా జిరాక్సుకు వచ్చిన బొజ్జయ్య నా వెనక నిలబడి చూశాడు. ఏంది అయ్యగారూ, మంచు గోడ లెక్క నిలబడ్డది, వాగుల కెల్లి లేవాలె గదా అన్నాడు. ముందుగాల మన మోకాళ్లు మాయమైతయ్, చెట్ల తలకాయలు కనబడ్తనే ఉంటయ్ అన్నాడు. నిజమే. టేకు చెట్ల కింద ఆకుల నుంచి నీళ్లు రాలుతాయి, బాట మీద మాత్రం చుక్క పడదు. అది కూడా నీ ఆటలో లేదు.

ఈ మంచు జనవరి దాకా ఉంటుంది. వచ్చి చూసుకో. వాగు దాకా తోడు వస్తాను. దారిలో బోధించను.

ఇట్లు,
నీకు మాట ఇచ్చిన
నాన్న

తా.క.: మొన్న గురువారం, ఒక్క పూట అని రాసింది అబద్ధం. మూడు వారాలుగా రోజూ వెళ్లి ఆడుతున్నాను. ఈ ఆట ముట్టినవాళ్లు ప్రభు బల్ల రొట్టె ముట్టకూడదని ఆనాటి ప్రసంగంలో నేనే కట్టడి చేశాను. అందుకే రొట్టె పళ్లెం వస్తే తీసుకోకుండా పక్కకు జరుపుతూ, నాకు పన్ను నొప్పి అని అమ్మతో చెప్పాను. నిన్న సంఘం ముందు లేచి ఒప్పుకున్నాను. అందరూ ఊరుకున్నారు. మీ అమ్మ కళావతి ఊరుకోలేదు. పన్నూ లేదు నొప్పీ లేదని నాకెరుకే, బిడ్డను పిలిచేదాక ఇది నీ చేతికియ్య అంటూ పళ్లెం లాక్కుంది. ఇంకా ఆమె దగ్గరే ఉంది.