అత్తమ్మ నేర్చుకున్న సైగ

బేతంచెర్ల, గురువారం రాత్రి

ఈ రోజు అత్తమ్మను చూస్తే ముచ్చటేసింది. బండల ఫ్యాక్టరీలో కోత మిషన్ హోరుకు మా ఆయన వినికిడి తగ్గినప్పటి నుంచి ఇంట్లో మాటలే కరువయ్యాయి. సైగల భాష నేర్చుకుందామంటే ఆయన నా ట్యాబ్ వైపు చూడనే చూడడు. అత్తమ్మకేమో అంత చిన్న తెరమీద సైగ చేసే వేళ్లు కంటికి ఆనవు. అందుకే పొద్దున బడిలో పాఠాలు చెప్పడానికి బయల్దేరేముందు, ట్యాబ్‌లోని పాఠాన్ని వైరు లేకుండానే టీవీకి పంపి, టీవీ కింద ఉన్న రికార్డింగ్ పెట్టెలో దాచిపెట్టాను.

"నేను బడికి పోయినా నువ్వు చూసుకోవచ్చత్తా. రిమోట్‌లో ఈడ నొక్కితే చాలు," అన్నాను.

"డెబ్బై ఏండ్లకు నన్నూ బడికి పంపిస్తాండావే!" అని నవ్వింది.

సాయంత్రం వచ్చేసరికి అదే పాఠం చూస్తోంది. "శానా సార్లు ఏసుకున్నామ్మా. ఈ బొటనవేలొకటే నా మాట ఇనల్యా," అంది.

అంతలో ఆయన పని నుంచి వచ్చాడు. అత్తమ్మ ఎదురెళ్లి, చేతులతో "అన్నం తింటావా?" అని సైగ చేసింది. ఆయన అలాగే నిలబడిపోయాడు. కోపమొచ్చిందేమోనని భయపడ్డాను. మెల్లగా ఆమె చేతులు పట్టుకుని కళ్లకద్దుకున్నాడు.

భోంచేశాక తనే పాఠం మొదటి నుంచి పెట్టుకున్నాడు. ముగ్గురం కూర్చుని చూశాం.

ఉన్న కాస్త వినికిడీ పోకముందే ఆ మిషన్ పని మానమని చెప్పాలి. 'వద్దు' అనే సైగ ఇవాళ నాకూ వచ్చింది. 'మిషన్' అని ఎలా చూపించాలో...