పూడిందనుకున్న గుంట

తెనాలి

అమ్మకు,

ప్రభువు కృప మనందరి మీదా ఉన్నందుకు స్తోత్రం. పెద్దకొడుకు యోహాను వందనాలు. నీ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? రేపల్లెలో చెల్లీ, పిల్లలూ కులాసాయేనా? ఇక్కడ మేమంతా బాగున్నాం. తమ్ముడు కూడా బాగున్నాడు. ఆ మాట ముందే రాసేశాను, ఇక మిగతాది నిదానంగా చదివించుకో.

ఆస్పత్రికి దగ్గరని తీసుకున్న ఒంటిగదిలోనే తమ్ముడూ, మరదలూ, నేనూ ముగ్గురం ఉంటున్నాం. నేను రైసుమిల్లుకు వెళ్తున్నాను. ఎండ మండిపోతోంది. చేపల కూరకు నీ చేతి పులుపు రావడం లేదు. ఇక్కడి సంఘంలో వాక్యం చెప్పనిస్తున్నారు గానీ, మనవాళ్ల ముఖాలు కనబడక వెలితిగా ఉంటుంది.

బాపట్ల రోడ్డులో బండి మీంచి పడ్డాక తమ్ముడికి మెదడు వాచిందని కుడివైపు పుర్రె ఎముక తీశారు కదా. ఆస్పత్రి నుంచి పంపేటప్పుడే డాక్టరమ్మ హెచ్చరించింది. "తీసిన ముక్క నడినెత్తికి బాగా దగ్గరగా వచ్చిందండి. ఇలాంటివాళ్లకి తలలో నీరు చేరే అవకాశం ఎక్కువ. ఎముక తీసిన చోట పడిన ఆ గుంట ఉబ్బినా, నడక తూలినా, మనిషి మందగించినా వెంటనే తీసుకురండి." నేను తలూపాను. రోజూ ఉదయం ఆ మెత్తని చోట అరచెయ్యి ఆనించి ప్రార్థన చేశాను.

మూడో వారానికి చేతికి గుంట తగలలేదు. అమ్మా, ఎంత పొంగిపోయానో! "ఎండిన ఎముకల లోయకు ప్రాణం పోసిన దేవుడు నా తమ్ముడి తలలో లోయను పూడ్చాడు!" అని సంఘంలో గొంతు చించుకుని సాక్ష్యం చెప్పాను. వాడు పలకకుండా పడుకుంటే, దేవుడి సన్నిధిలో విశ్రాంతి తీసుకుంటున్నాడన్నాను.

మరదలు కరుణ అడ్డం తిరిగింది. "బావగారూ, అది పూడటం కాదండి, ఉబ్బటమండి. పొద్దున గోడ పట్టుకుని నడిచారు. పక్క తడిపారు. డాక్టరమ్మ చెప్పినవన్నీ వచ్చేశాయి."

"అవిశ్వాసమమ్మా!" అన్నాను.

"ఆ పాపమేదో నాకే తగలనివ్వండి. ముందు ఆటో పిలవండి."

స్కానులో నీరే కనబడింది. "ఇంకొన్నాళ్లు ఆగుంటే..." అని డాక్టరమ్మ ఆ మాట మింగేసింది. ఆ నీరు దిగిపోయేలా తలలోంచి కడుపులోకి చర్మం కిందుగా సన్నని గొట్టం వేశారు. రెండో రోజు మంచం పక్కన నేను ప్రార్థిస్తుంటే వాడు కళ్లు తెరిచి, "అన్నా, మెల్లగా. దేవుడికేం చెవుడు లేదు," అన్నాడు. వార్డంతా నవ్వింది. నాకు ఏడుపాగలేదు.

గుడ్డివాడి కంటికి బురద పూసి చూపిచ్చిన ప్రభువు, డాక్టరమ్మ ముందుచూపునూ కరుణ కళ్లనూ వాడుకున్నాడు. నేనే చూడలేకపోయాను. మొన్న ఆదివారం అదే సంఘం ముందు నిలబడి నా సాక్ష్యం తప్పని ఒప్పుకున్నాను. అంత మెల్లగా నేనెప్పుడూ మాట్లాడలేదు.

ఎముక తిరిగి పెట్టించి వాణ్ణి తీసుకొస్తాం. ఈలోగా వచ్చేవాళ్లెవరైనా ఉంటే గోంగూర పచ్చడి పంపు, వాడే నోరు తెరిచి అడిగాడు. పెద్దలందరికీ నా వందనాలు చెప్పు.

మా కోసం మోకరించినప్పుడు ముందు కరుణ పేరు చెప్పు. మా పేర్లు తర్వాత.

నీ దీవెన కోరే
యోహాను