నాయనకు రాసిన కింది ఫిడేలు

తిరుపతి, గురువారం రాత్రి

కీర్తిశేషులైన యూరప్ విద్వాంసులందరికీ క్షమాపణలు. మూడొందల ఏండ్ల నాటి తమరి బరోక్ బాణీలో, రెండు ఫిడేళ్లకు నేనొక కొత్త సంగీతం కట్టినాను. లైబ్రరీలో ఒక పుస్తకం, రేడియోలో విన్న నాలుగు ముక్కలు, అంతే నా పాండిత్యం.

పక్షవాతం తగ్గినా నాయన ఎడమచేతి వేళ్లు గమకం పలకడం లేదు. అన్ని కచేరీలు చేసిన మనిషి, ఏడాదిగా ఫిడేలు పెట్టె తెరవలేదు. అందుకే పరుగులన్నీ నేను వాయించే పై ఫిడేలుకు పెట్టుకుని, కింది ఫిడేలుకు ఊపులేని పొడుగు స్వరాలు రాసినాను, సరిగమల్లోనే.

"కింద వాయించేదానికి మనిషి లేడు నాయనా," అన్నాను సాయంత్రం, మహా అమాయకంగా.

కాగితం చాలాసేపు చూసినాడు. "గమకమే లేదేందప్పా?"

"ఆ బాణీలో కింది ఫిడేలుకు ఉండకూడదు. శాస్త్రం."

చాప మీద కూర్చుని, ఫిడేలు తలను చీలమండకు ఆనించినాడు. మొదటి షడ్జం గీరుకుంది. రెండోది నిలిచింది. తర్వాత తప్పులన్నీ నావే, కండ్లు మసకబారి. వంటింటి పొగ అన్నాను. పొయ్యి ఇంకా వెలిగించనే లేదు.

అయినాక కమాను దించి, "నాకే శాస్త్రం చెప్తావేరా?" అన్నాడు. "రేపటికి నా వరసలో ఇంకో నాలుగు స్వరాలు రాయి. మరీ పసిబిడ్డను నడిపించినట్టు నడిపిస్తా ఉండావు."

నాలుగూ రాసినాను. మూడోదానికి వేలు బాగా చాచాల. చెరిపేద్దామని రబ్బరు తీసినాను. చెరిపితే అదీ కనిపెట్టేస్తాడు...